పిల్లాడి అల్లరికి తిండే కారణమా? టెస్టులు చేయించే ముందు ఇవి చూసుకోండి

మా వాడికి పాలు పడట్లేదేమో, గోధుమ మాన్పిస్తే కుదురుగా ఉంటాడేమో అని చాలామంది పేరెంట్స్‌కి డౌట్ వస్తుంది. అత్తగారేమో చాక్లెట్లు ఆపితే అన్నీ సర్దుకుంటాయి అంటారు, ఆఫీసులో ఎవరో వాళ్ళ పాపకి 200 రకాల తిండికి ఒకేసారి బ్లడ్ టెస్ట్ చేయించామని లింక్ పంపిస్తారు, ఇక ఆ రాత్రే బుక్ చేసేద్దామనిపిస్తుంది. కాస్త ఆగండి. ఆ 200 రకాల ప్యానెల్ (అన్నిటికీ కలిపి చేసే టెస్ట్) బుక్ చెయ్యొద్దు, అలాగే తిన్న వెంటనే రియాక్షన్ వచ్చిన ఐటమ్ తప్ప మిగతా ఏదీ ఇప్పుడే మాన్పించొద్దు.

ముందు ఒక నోట్‌బుక్ తీసి రెండు వారాలు రాయండి. "ఈరోజు బాగా అల్లరి చేశాడు" అని రాస్తే డాక్టర్‌కి ఎందుకూ పనికిరాదు, ఇలా రాయాలి: "శనివారం రాత్రి 11:30కి పడుకున్నాడు, గురక. ఆదివారం కూడా మోషన్ అవ్వలేదు, మూడో రోజు. సాయంత్రం 5కి బర్త్‌డే పార్టీ, కేక్, ఆరెంజ్ డ్రింక్. 6కి తమ్ముడిని కొరికాడు, అరగంట ఏడ్చాడు. దద్దుర్లు లేవు." ఇందులో కేక్‌తో పాటు నిద్ర తక్కువ, మలబద్ధకం, పార్టీ గోల అన్నీ ఉన్నాయి, మనం మాత్రం కేక్‌నే పట్టుకుంటాం. ఫోన్‌లో ఒకట్రెండు వీడియోలు కూడా తీసి పెట్టుకోండి, ఎందుకంటే క్లినిక్‌కి వెళ్ళగానే మన బంగారుకొండ చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

తర్వాత మామూలు పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, నేరుగా ల్యాబ్‌కి కాదు. వెళ్ళి "అలర్జీ టెస్ట్ రాయండి సార్" అనకండి, ఏం తిన్నాక ఎంతసేపటికి ఏం జరుగుతోందో చెప్పండి. ఆ టైమే అసలు క్లూ. గుడ్డో వేరుశనగో తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తే అది ఐజీఈ రకం అలర్జీ (ఐజీఈ అంటే అలర్జీలో రక్తంలో తయారయ్యే ఒక రకం యాంటీబాడీ) అని అనుమానిస్తారు, దానికి స్కిన్ ప్రిక్ టెస్ట్ గానీ స్పెసిఫిక్ ఐజీఈ బ్లడ్ టెస్ట్ గానీ ఉంటుంది. స్కిన్ టెస్ట్‌లో మోచేతి కింద చుక్కలు వేసి చిన్నగా గుచ్చుతారు, 15-20 నిమిషాల్లో దోమ కుట్టినట్టు ఉబ్బిందో లేదో చూస్తారు, పిల్లలు పెద్దగా ఏడవరు కూడా. కాకపోతే సిట్రిజిన్ లాంటి అలర్జీ మందులు సుమారు వారం ముందు నుంచి ఆపాలి, జలుబు సిరప్‌లలో కూడా ఆ రకం మందు ఉంటుంది కాబట్టి ఇంట్లో ఏం వాడుతున్నారో సీసాలతో సహా చూపించి అడగండి. ఇంకోటి, టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, ఆ తిండి తిని ఏ ఇబ్బందీ లేకపోతే దాన్ని డాక్టర్ చెప్పకుండా మాన్పించకండి.

గోధుమ మీద అనుమానమైతే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) టెస్ట్ ఉంది, టీటీజీ-ఐజీఏ అనే బ్లడ్ టెస్ట్, దానితో పాటు టోటల్ ఐజీఏ. పిల్లాడు రోజూ చపాతీ, బ్రెడ్, బిస్కెట్ తింటూ ఉంటేనే అది కరెక్ట్‌గా వస్తుంది. ముందే మాన్పించి తర్వాత టెస్ట్‌కి వెళ్తే జబ్బు ఉన్నా నార్మల్ అని వచ్చే ఛాన్స్ ఉంది. పాలు తాగాక గ్యాస్, పొట్ట ఉబ్బరం, విరేచనాలు అయితే లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) పడకపోవడం కావచ్చు, అది అలర్జీ కాదు.

ఇప్పుడు ఆ 200 ఐటమ్స్ ప్యానెల్ సంగతి. వాటిలో ఎక్కువ ఐజీజీ టెస్టులు. ఐజీజీ ఇంకో రకం యాంటీబాడీ, ఆ తిండి మన ఒంటికి పరిచయం ఉందని చెప్పేది, అంతే, రోజూ పెరుగన్నం తినే పిల్లాడికి పాలకి ఐజీజీ ఎక్కువ రాక ఇంకేం వస్తుంది! యూరప్, అమెరికా, కెనడా అలర్జీ డాక్టర్ల సంఘాలు కూడా ఇది వాడొద్దనే చెప్పాయి. వేల రూపాయలు పోతే పోయాయి, ఆ రిపోర్ట్ చూసి పాలు, గుడ్డు, గోధుమ, పప్పు అన్నీ ఆపేస్తే పిల్లాడు బరువు తగ్గిపోవచ్చు. వెంట్రుకల టెస్ట్ కూడా ఇదే బాపతు.

నన్నడిగితే తిండి కంటే ముందు చూడాల్సింది ఐరన్. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, మన రెండు రాష్ట్రాల్లోనూ సగం పైనే. ఐరన్ తక్కువైతే చిరాకు, ధ్యాస లేకపోవడం, రాత్రుళ్ళు కాళ్ళు కొట్టుకోవడం, మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినడం ఇవన్నీ ఉండొచ్చు. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే టెస్ట్) చేయించమంటారేమో అడగండి, ఫెరిటిన్ మాత్రం జ్వరం ఉన్నప్పుడు వద్దు, ఎక్కువ చూపిస్తుంది. అన్నం తినకుండా రోజూ లీటరు పాలు తాగే పిల్లలకి ఐరన్ తగ్గిపోవడం చాలా మామూలు, అక్కడ అమ్మకి పాలు పడట్లేదనిపిస్తుంది, నిజానికి పాలు ఎక్కువయ్యాయి. దీనితో పాటు వినికిడి, కళ్ళు, థైరాయిడ్, నులిపురుగులు, గురక పెడుతుంటే ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ), ఇవి కూడా లిస్ట్‌లో ఉండాలి. పిలిస్తే పలకట్లేదంటే మొండితనం అనుకునే ముందు చెవులు చూపించండి.

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) తేల్చే బ్లడ్ టెస్ట్ ఏదీ లేదు, ఉందని ఎవరైనా అమ్మితే లేచి వచ్చేయండి. వాటికి పిల్లాడిని గమనించి, మనల్ని, టీచర్‌ని ప్రశ్నలడిగి అసెస్‌మెంట్ చేస్తారు, ఏడీహెచ్‌డీ అనాలంటే ఇంట్లోనూ స్కూల్లోనూ రెండు చోట్లా లక్షణాలు ఉండాలి. డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) దొరికితే మంచిది. ప్రైవేట్‌లో ఖర్చు కష్టమైతే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన పథకం) కింద జిల్లాల్లో డీఈఐసీ సెంటర్లు (ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చూసే కేంద్రాలు) ఉన్నాయి, 18 ఏళ్ళ వరకు చూస్తారు, అంగన్‌వాడీ టీచర్‌నో గవర్నమెంట్ ఆసుపత్రిలోనో అడిగితే చెప్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ కూడా ఉంది, బుద్ధి ఎదుగుదలలో లోపం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ.

అయినా సరే తిండి మీద అనుమానం పోకపోతే ఇంట్లో ట్రై చేసే పద్ధతి ఒకటుంది, డాక్టర్‌కి చెప్పే చేయండి. ముందుగా కలర్లు. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో కొన్ని రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన డ్రింక్ ఇచ్చి చూస్తే కొందరు పిల్లల్లో హుషారు మితిమీరింది, 2010 నుంచి యూరప్‌లో ఆ రంగులున్న ప్యాకెట్ల మీద వార్నింగ్ ఉంటుంది. మన ప్యాకెట్ల మీద ఐఎన్‌ఎస్ (తిండిలో కలిపే పదార్థాలకి ఇచ్చే నంబరు) 102, 110, 122, 124 అని వెతకండి, ఆ రంగుల్లోవే ఇవి. పంచదారని మాత్రం ఊరికే తిడుతున్నాం, ఏది ఇచ్చారో పేరెంట్స్‌కి చెప్పకుండా చేసిన స్టడీల్లో తీపి తిన్నాక అల్లరి పెరగలేదు (పళ్ళు పాడవుతాయి, అది వేరే సంగతి). ఒక్కసారికి ఒక్క ఐటమ్ మాత్రమే రెండు నుంచి నాలుగు వారాలు ఆపండి, నోట్‌బుక్ రాస్తూనే ఉండండి, తర్వాత మళ్ళీ పెట్టండి. పెట్టినప్పుడు మళ్ళీ అదే గొడవ వస్తేనే లెక్క, ఆపగానే తగ్గిందంటే ఆ వారం స్కూల్ సెలవులు కూడా అయ్యుండొచ్చు. టీచర్‌కి ఏం ఆపారో చెప్పకుండా పిల్లాడు ఎలా ఉన్నాడని అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది. పాలు ఆపాల్సి వస్తే ఆ కాల్షియం ఎక్కడినుంచి వస్తుందో ముందే డాక్టర్‌తో మాట్లాడండి, రాగిజావ, నువ్వులు కొంతవరకు ఆదుకుంటాయి. ఇంతకుముందు ఒక్కసారైనా ఆ తిండికి మొహం వాచడం, ఆయాసం రావడం జరిగి ఉంటే మాత్రం ఇంట్లో మళ్ళీ పెట్టి చూడొద్దు, అది హాస్పిటల్లో డాక్టర్ల ముందే చెయ్యాలి, పొరపాటున తిని అలా అయితే 108కి ఫోన్ చేయండి.