పాత కారు సొంత రిపేర్లలో నేను చేసిన తప్పులు: సమస్య, అసలు కారణం, పరిష్కారం

నాది ఇరవై ఏళ్లు దాటిన కారు, చాలావరకు పనులు నేనే చేసుకుంటా. కింద రాసినవన్నీ నేను తప్పు చేసి తెలుసుకున్నవే, మొదటిదానికి అనవసరంగా పోసిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తది.

సమస్య 1: తాళం తిప్పితే "టిక్" మంటది, ఇంజిన్ తిరగదు

ఒక్కోసారి పదిసార్లు తిప్పితే అందుకునేది, ఒక్కోసారి అస్సలు లేదు. ఎవర్ని అడిగినా బ్యాటరీ పోయిందన్నారు, మార్చా, రెండ్రోజులు బానే ఉంది మళ్లీ అదే, సరే సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) అయ్యుంటదని అదీ మార్చా, మళ్లీ అదే టిక్. అప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, హెడ్‌లైట్లు వేసి మా తమ్ముడిని తాళం తిప్పమని పక్కన నిలబడి చూశా. లైట్లు కొంచెం కూడా డిమ్ అవ్వలేదు! బ్యాటరీ వీక్ అయితే లైట్లు కూడా పడిపోవాలి కదా. ఈ పని మొదటి రోజే చేసుండాల్సింది.

కారణం: ఇంజిన్ ఎర్త్, అంటే ఇంజిన్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే వైరు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటది కాబట్టి సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లు బ్యాటరీకి తిరిగి రావాలంటే ఎర్త్ వైరే దారి. నా కారులో అది అల్లిన రాగి పట్టీ, పైకి చూస్తే శుభ్రంగా ఉంది, బోల్టు విప్పాక లగ్గు (పట్టీ చివర బోల్టు దూరే రింగు) కింద అంతా పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడి రాలింది. లైట్లకి బాడీ ఎర్త్ వేరేగా ఉంది, అందుకే అవి బానే వెలిగాయి.

పరిష్కారం: మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీదే (క్లాంపు మీద కాదు), ఇంకోటి ఇంజిన్ మీద రంగు లేని ఇనుము దగ్గర ఆనించి ఎవర్నైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల్లోపు వస్తే ఓకే, అర వోల్టు దాటితే ఎర్త్ పాడైనట్టే. నాకు 3 పైన చూపించింది. మీటర్ లేకపోతే జంపర్ కేబుల్ ఒకటి నెగటివ్ నుంచి ఇంజిన్‌కి తగిలించి చూడండి, వెంటనే స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. తర్వాత నెగటివ్ టెర్మినల్ తీసేసి, లగ్గునీ అది కూర్చునే చోటునీ సాండ్ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ పూయండి. పట్టీ పోగులు తెగి ఉంటే కొత్తదే వేయండి. ఈ ఎర్త్ పోయినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేసే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి వాయిదా వేయొద్దు.

సమస్య 2: క్యాలిపర్లు (చక్రం దగ్గర డిస్కుని నొక్కి పట్టే బ్రేక్ భాగాలు) మార్చాక బ్రేక్ పెడల్ స్పాంజిలా దిగిపోతోంది

ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా (అంటే బ్రేక్ పైపుల్లో గాలి బయటికి వదిలినా), అర లీటరు బ్రేక్ ఆయిల్ అయిపోయినా పెడల్ గట్టిపడలేదు. తప్పు నాదే, ఎడమ కుడి తారుమారు చేశా, దాంతో బ్లీడింగ్ నిపుల్ (గాలి వదిలే చిన్న స్క్రూ) కిందికొచ్చింది. గాలి పైకి పోతది కదా, నిపుల్ కింద ఉంటే ఎంత వదిలినా ఆయిలే వస్తది గాలి అక్కడే ఉంటది. నిపుల్ ఎప్పుడూ పైనే ఉండాలి. అటూ ఇటూ మార్చి, రాగి వాషర్లు కొత్తవి వేసి మళ్లీ బ్లీడ్ చేస్తే పెడల్ రాయిలా అయింది.

ఇంకో జాగ్రత్త, పాత కార్లలో బ్లీడ్ చేసేటప్పుడు పెడల్ పూర్తిగా నేలకి తొక్కొద్దు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే గొట్టం) చివర్లో ఎప్పుడూ వాడని చోట తుప్పు పేరుకుని ఉంటది, లోపలి రబ్బరు సీళ్లు అక్కడిదాకా వెళ్తే చిరుగుతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెట్టుకోండి. పెడల్ గట్టిగా వచ్చేదాకా కారు కదపొద్దు.

సమస్య 3: కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మార్చాక టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంది, హీటర్లో చల్లగాలి

లోపల గాలి ఇరుక్కుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ పోసే మూత తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలిపోతది. కారు ముందు వైపు కాస్త ఎత్తులో ఉంచి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి బుడగలు ఆగేదాకా నెమ్మదిగా కూలెంట్ పోయండి. మర్నాడు పొద్దున లెవెల్ కొంచెం దిగి ఉంటది, అంతవరకు పోస్తే చాలు. రోజూ దిగుతుంటే మాత్రం అది గాలి కాదు లీకు, హీటర్ దగ్గర కారుతోందేమో తెలియాలంటే పక్క సీటు కార్పెట్ ఎత్తి కింద తడి ఉందేమో చూడండి.