పాత మేనేజర్ లెక్కలు అప్పజెప్పకపోతే ఏం చేయాలి?

అపార్ట్‌మెంట్ మేనేజర్ మారి నెల దాటింది. "వచ్చే వారం తెచ్చిస్తా" అన్న ఫైళ్ళు ఇంకా రాలేదు. ఖాతాలో ఎంతుందో కమిటీలో ఎవరికీ తెలియదు. లిఫ్ట్ ఆగిందని ఫోన్ చేస్తే సర్వీసు వాళ్ళు పాత బాకీ అడుగుతున్నారు. పాతాయన ఫోన్ ఎత్తడు, ఎత్తినా ఊళ్ళో లేనంటాడు.

ఇలాంటప్పుడు కమిటీ మీటింగ్ మొత్తం ఆ మనిషిని తిట్టడంతోనే గడిచిపోతుంది. తిట్టండి, తప్పులేదు. కానీ అంతకుముందే ఎవరో ఒకరు బ్యాంకుకు వెళ్ళి ఉండాలి. కాగితాలు పది రోజులు ఆలస్యమైనా దొరుకుతాయి. ఈలోపు ఖాతాలోంచి పోయిన డబ్బు అంత తేలిగ్గా తిరిగి రాదు.

సమస్య: ఓటీపీ ఇంకా పాతాయన ఫోన్‌కే వెళ్తోంది

కారణం మామూలుదే. మీరు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు గానీ బ్యాంకుకు చెప్పలేదు. వాళ్ళ రికార్డులో సంతకం ఆయనదే, ఫోన్ నంబరూ ఆయనదే. మీరు నోటీసు బోర్డులో ఏం అంటించినా బ్యాంకుకు సంబంధం లేదు.

కమిటీ సమావేశం పెట్టి తీర్మానం రాయండి. ఫలానా తేదీ నుంచి పాత మేనేజర్‌కు ఖాతా మీద ఏ అధికారమూ లేదని, ఇకపై ఫలానా ఇద్దరు కలిసి సంతకం చేస్తారని మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. దాని నకలు, అసోసియేషన్ నియమావళి, కొత్తవాళ్ళ గుర్తింపు పత్రాలు పట్టుకుని బ్రాంచికి వెళ్ళండి. మార్పు పూర్తయ్యేదాకా డబ్బు బయటికి పోకుండా ఆపమని అదే రోజు లిఖితపూర్వకంగా అడిగి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. పాత చెక్ బుక్‌లో మిగిలిన చెక్కులు, కార్డు, ఆన్‌లైన్ లాగిన్ అన్నీ రద్దు చేయించాలి. నెలనెలా ఆటోమేటిక్‌గా పోయే చెల్లింపుల జాబితా మాత్రం ముందే చూసుకోండి. ఆవేశంలో అన్నీ ఆపేస్తే కరెంటు బిల్లు, బిల్డింగ్ ఇన్సూరెన్స్ కూడా ఆగిపోతాయి.

పాతాయన వచ్చి సంతకం పెడితేనే మారుస్తామని కౌంటర్ దగ్గర అంటే, ఆ మాట రాసిమ్మనండి. ఖాతా అసోసియేషన్‌ది, ఆయన సొంతం కాదు. రాసివ్వమన్నాక చాలాసార్లు పై అధికారి బయటికి వస్తారు.

వచ్చిన పనిలోనే ఫిక్స్‌డ్ డిపాజిట్ల సంగతి కూడా అడగండి. కార్పస్ ఫండ్ (ఓనర్ల దగ్గర వసూలు చేసి పెద్ద ఖర్చుల కోసం దాచిన నిధి) సాధారణంగా ఉండేది అక్కడే. ఎవరి పేరున ఉన్నాయి, గడువు ఎప్పుడు, వాటి మీద అప్పు ఏమైనా తీశారా? మూడూ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంటికి రాగానే ఇంకో పని ఉంది. మెయింటెనెన్స్ డబ్బు పాత మేనేజర్ సొంత నంబరుకు పంపే అలవాటు కొందరికి ఉంటుంది. అసోసియేషన్ ఖాతా వివరాలతో ప్రతి ఫ్లాటుకూ నోటీసు ఇచ్చి సంతకం తీసుకోండి. ఆయన అడ్మిన్‌గా ఉన్న గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటే సరిపోదు.

సమస్య: "అన్నీ ఎప్పుడో ఇచ్చేశాను" అంటున్నాడు

ఏమేం ఇవ్వాలో జాబితా లేకపోవడం మొదటి కారణం. జాబితా లేనప్పుడు నాలుగు ఫైళ్ళు ఇచ్చినా "అన్నీ" ఇచ్చినట్టే. రికార్డులు ఆయన సొంత లాప్‌టాప్‌లోనో, సొంత ఈమెయిల్‌లోనో ఉండిపోవడం రెండోది. తనకు రావాల్సిన జీతం ఇవ్వలేదని ఫైళ్ళు పట్టుకు కూర్చోవడం ఇంకోటి. ఇవేవీ కాకపోతే, అసలు ఆ రికార్డులు ఎప్పుడూ రాయలేదేమో చూడండి. దాచాడని మీరు అనుకుంటున్న క్యాష్ బుక్ పుట్టనే లేదని నాలుగు నెలల తర్వాత తేలితే ఆ నీరసం ఇంతా అంతా కాదు.

అందుకే ఆయనకు రాసే ఉత్తరంలో "రికార్డులన్నీ ఇవ్వండి" అని రాయకండి. పేరుపేరునా అడగండి: క్యాష్ బుక్, రసీదు పుస్తకాలు (వాడినవి, వాడనివి, నంబర్లతో సహా), వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫ్లాటువారీ బకాయిల పట్టిక, మినిట్స్, పన్ను కాగితాలు, లిఫ్టు, జనరేటర్, పంపుల ఏఎంసీ (ఏడాది నిర్వహణ) ఒప్పందాలు, బిల్డింగ్ ప్లాన్లు, తాళాలు, పాస్‌వర్డులు. తేదీ, సమయం, చోటు చెప్పండి. ఒక్కో వస్తువు ఎదురుగా "ఇచ్చాను", "నా దగ్గర లేదు", "ఎప్పుడూ లేదు" అని మూడు గడులు పెట్టి సంతకం అడగండి. ఆ మూడో గడి చాలా ఉపయోగపడుతుంది. లేదని సంతకం పెట్టినవాడు రేపు ఆ పుస్తకాన్నే తనకు సాక్ష్యంగా తీసుకురావడం కష్టం.

ఉత్తరంలో దొంగ, మోసం లాంటి మాటలు వద్దు. ఇంకా ఏదీ రుజువు కాలేదు, పైగా పరువునష్టం అంటూ ఆయనే ఎదురు నోటీసు పంపే వీలుంటుంది. జీతం బాకీ నిజంగా ఉంటే అది వేరుగా తేల్చుకుంటామని రాయండి. ఆయనకు ఇవ్వాల్సిందీ మీకు రావాల్సిందీ ఒకే ముడి వేస్తే రెండూ బిగుసుకుంటాయి.

ఆయన ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆయన దగ్గరున్న చాలా కాగితాలకు జంట ఇంకెక్కడో ఉంటుంది. స్టేట్‌మెంట్లూ, పాసైన చెక్కుల నకళ్ళూ బ్యాంకులో దొరుకుతాయి. బిల్లుల నకళ్ళు, వాళ్ళ పుస్తకంలో మన ఖాతా వివరం సర్వీసు కంపెనీలు ఇస్తాయి. రసీదులు ఓనర్ల బీరువాల్లో ఉంటాయి. పాత ఆడిట్ కాగితాలు ఆడిటర్ దగ్గర, పాలసీ నకలు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అడగండి. వీటితో చాలావరకు లెక్క తిరిగి కట్టవచ్చు. ఆగనిది ఒక్క సీసీటీవీ రికార్డింగే. డిస్కు నిండాక పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. ఆఫీసు గదిలోంచి ఫైళ్ళు బయటికి వెళ్ళాయన్న అనుమానం ఉంటే ఈ రోజే కాపీ తీయించండి.

సమస్య: పుస్తకంలో ఒకటి, బ్యాంకులో ఒకటి

తేడా కనబడగానే డబ్బు పోయిందని అనుకోకండి. పుస్తకంలో 4,80,000 ఉండి బ్యాంకులో 5,10,000 ఉందనుకుందాం. ఇచ్చి ఇంకా పాస్ కాని చెక్కులు 30,000 ఉంటే లెక్క సరిపోయినట్టే. పాస్ కాని చెక్కులు, జమ చేసినా ఇంకా ఎక్కని మొత్తాలు, పుస్తకంలో రాయని బ్యాంకు చార్జీలు, వడ్డీ తీసేశాక మిగిలేదే అసలు తేడా. నెలనెలా వెనక్కి వెళ్తూ ఇలా సరిచూస్తే తేడా ఏ నెలలో మొదలైందో తెలుస్తుంది.

ఆ తర్వాత బిల్లులు తిరగేయండి. ఒకే బిల్లు రెండు నెలల్లో ఎక్కిందా? ఒక కాంట్రాక్టర్ బిల్లుల నంబర్లు నెలనెలా 41, 42, 43 అని వరసగా వస్తున్నాయా? అలా వస్తే ఆయనకు మనం తప్ప వేరే గిరాకీ లేదన్నమాట. అది నేరమని కాదు, వెళ్ళి ఆ షాపు ఉందో లేదో చూసి రావాలని.

సమస్య: కట్టామంటున్న ఓనర్లకే బకాయి చూపిస్తోంది

ఇది నిజంగా ఆందోళన పడాల్సిన లక్షణం. ఒకరి నగదు వాడేసుకుని, తర్వాతి నెల ఇంకొకరి డబ్బుతో ఆ గుంత పూడ్చడం పాత పద్ధతి. ఎప్పుడూ ఎవరో ఒకరు బకాయిలోనే కనబడతారు, మనుషులు మాత్రం మారుతుంటారు. ప్రతి ఫ్లాటుకూ "మా లెక్క ప్రకారం మీ బకాయి ఇంత, సరేనా?" అని ఉత్తరం ఇచ్చి, కాదన్నవాళ్ళ దగ్గర రసీదు నకళ్ళు తీసుకోండి. రసీదు తేదీని బ్యాంకులో జమ అయిన తేదీతో పోల్చండి. రసీదు ఉండి జమ లేని వాటిని కూడితే లోటు ఎంతో బయటపడుతుంది.

సమస్య: లోటు తేలింది, డబ్బు రావడం లేదు

మొదట ఆయన ఒప్పందం తీయండి. మేనేజర్‌ను పంపింది నిర్వహణ కంపెనీ అయితే డిమాండ్ ఆ కంపెనీకి వెళ్ళాలి. ఉద్యోగుల మోసానికి ఇన్సూరెన్స్ ఉందేమో చూడండి. ఉంటే విషయం తెలిసిన ఇన్ని రోజుల్లో చెప్పాలని అందులో గడువు ఉంటుంది, ఆలస్యం చేస్తే క్లెయిమ్ పోవచ్చు.

తేదీలవారీ పట్టిక జతచేసి, గడువుతో డిమాండ్ ఉత్తరం పంపండి, అందినట్టు రుజువు దాచండి. వాయిదాల్లో కడతానంటే ఒప్పుకోవచ్చు. బాకీ మొత్తం తాను ఒప్పుకుంటున్నట్టు, వాయిదా తేదీలతో సంతకం తీసుకోండి. సగం చేతిలో పెట్టి "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం అడిగితే మాత్రం ఆడిట్ పూర్తయ్యేదాకా పెట్టకండి.

అప్పటికీ కదలకపోతే లాయర్ దగ్గరికే. డబ్బు రాబట్టే సివిల్ దావా వేరు, పోలీసు ఫిర్యాదు వేరు. శిక్ష పడినంత మాత్రాన డబ్బు ఖాతాలో పడదు, ఈ సంగతి సభ్యులకు ముందే చెప్పండి. రికార్డులు వెంటనే అప్పజెప్పమని కేసు తేలకముందే కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలదేమో కూడా లాయర్‌ను అడగండి. దావా వేయడానికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి "చూద్దాం, ఇంకో పండగ వెళ్ళనీ" అంటూ సాగదీయకండి.

నోటీసు అందాక ఒక్కోసారి రాత్రిపూట వాచ్‌మన్ దగ్గర ఒక అట్టపెట్టె వదిలి వెళ్తారు. దాన్ని ఒంటరిగా తెరవకండి. ఇద్దరు సభ్యుల ఎదుట వీడియో తీస్తూ తెరిచి, ఏమేం ఉన్నాయో రాసి, ఆ జాబితా మర్నాడే ఆయనకు పంపండి. వీటిలో లేనివి ఇంకా మీ దగ్గరే ఉన్నాయని కింద ఒక వాక్యం చేర్చండి.