పాత రేడియేటర్ మార్చుకుందాం, 3వ భాగం: టైల్స్ కన్నా ముందే దింపేద్దాం

పోయిన భాగంలో బాత్రూమ్‌లో పాత రేడియేటర్ బదులు పెట్టే కొత్త టవల్ రైల్ (టవళ్ళు ఆరేసుకునే నిచ్చెన లాంటి రేడియేటర్) ఎన్ని వాట్స్‌ది కావాలో లెక్కేసుకున్నాం కదా, అదే సైజులో క్రోమ్‌ది తెల్ల పెయింట్ దాని కన్నా తక్కువ వేడి ఇస్తుందని కూడా చెప్పుకున్నాం. ఈసారి పాతది దింపుదాం. యూకేలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది ముందు టైల్స్ అతన్ని పిలిచేసి రేడియేటర్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు, అక్కడే పని రెండింతలవుతుంది. మాది 1930ల నాటి సెమీ (పక్కింటితో ఒక గోడ కలిసి ఉండే ఇల్లు), మా ముందున్నవాళ్ళు రేడియేటర్ గోడకి ఉండగానే చుట్టూ టైల్స్ కోసి అతికించేశారు, మేం దాన్ని తీసి సన్నటి టవల్ రైల్ పెడదామని చూస్తే వెనకాల మూరెడు మేర పాత గులాబీ రంగు గోడ బయటపడింది, ఆ టైల్స్ కోసం ఎంత తిరిగినా దొరకలేదు. అందుకే ముందు దింపండి, గోడంతా టైల్స్ వేయించండి, ఆ తర్వాతే కొత్తది తగిలించండి.

హీటింగ్ ఆపి, రేడియేటర్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. కింద రెండు వైపులా వాల్వులుంటాయి, ఒకటి నంబర్లుండే టీఆర్‌వీ (గది వేడిని బట్టి దానంతటదే తెరుచుకుని మూసుకునే వాల్వు), రెండోది ప్లాస్టిక్ టోపీ ఉండే లాక్‌షీల్డ్. రెండు వైపులా లాక్‌షీల్డే ఉందా, అయితే కాస్త ఆలోచించాలి. కొన్ని ఇళ్ళలో మిగతా గదుల టీఆర్‌వీలన్నీ మూసుకున్నా పంపు నీళ్ళకి ఒక దారి ఉండాలని బాత్రూమ్ రేడియేటర్‌ని కావాలనే తెరిచి ఉంచుతారు, అలాంటి చోట కొత్తదానికి టీఆర్‌వీ పెట్టకూడదు.

టీఆర్‌వీని మంచు గుర్తు మీద పెట్టి మూసేశాం అనుకోకండి, గది బాగా చల్లబడితే అది దానంతటదే తెరుచుకుంటుంది. పైన తల విప్పేసి, కింద కనిపించే పిన్నుని నొక్కి ఉంచే క్యాప్ బిగించండి. లాక్‌షీల్డ్‌కైతే టోపీ లాగేసి పానాతో గడియారం ముల్లు వైపు తిప్పుతూ, పూర్తిగా మూసుకోడానికి ఎన్ని తిప్పులు పట్టిందో లెక్కపెట్టండి. మాకు ఒకటింబావు పట్టింది, మాస్కింగ్ టేప్ మీద రాసి అక్కడే పైపుకి అంటించా. ఇంట్లో ఏ రేడియేటర్‌కి ఎంత నీళ్ళు వెళ్ళాలన్నది ఆ తిప్పుల మీదే ఉంటుంది, కొత్తది పెట్టాక అక్కడి నుంచే మొదలుపెడతాం.

ఇప్పుడు నీళ్ళు. బకెట్ వాల్వు కింద పట్టదు, పెయింట్ రోలర్ ట్రే అయితే చక్కగా దూరుతుంది. నట్టు వదులు చేసేటప్పుడు రెండు పానాలు కావాలి, ఒకదానితో వాల్వుని కదలకుండా పట్టుకుని రెండోదానితో నట్టు తిప్పాలి, లేకపోతే పైపు మెలిపడి నేల కింద జాయింట్ కారడం మొదలవుతుంది. కాస్త నీళ్ళు వచ్చి ఆగిపోతాయి, అప్పుడు రేడియేటర్ పైన ఉండే బ్లీడ్ వాల్వ్ (గాలి తీసే చిన్న వాల్వు) కీతో తెరిస్తే గాలి లోపలికి పోయి మిగతావి దిగుతాయి. మొదట మామూలుగానే వస్తాయి, చివర్లో కాటుక కలిపినట్టు నల్లటి మడ్డి, అది లోపలి ఇనుము తుప్పే, కార్పెట్‌కి అంటితే వదలదు, పాత టవళ్ళు ముందే పరుచుకోండి. ఎంతసేపటికీ ధార ఆగకపోతే వాల్వు సరిగా మూసుకోలేదని అర్థం, వెంటనే నట్టు బిగించేయండి. దింపేటప్పుడు ఇద్దరుండాలి, అడుగున ఇంకా నీళ్ళుంటాయి కాబట్టి రెండు కొసల్లో గుడ్డలు కుక్కి ఎత్తండి. గోడ దగ్గర మిగిలిన వాల్వులకి మూతలు బిగించడం మర్చిపోవద్దు, టైల్స్ వేసేటప్పుడు ఎవరి కాలైనా తగలొచ్చు.

ఇక అసలు సంగతి, కొలత. టైల్ 9 మిల్లీమీటర్లు, కింద జిగురు 4 అనుకుంటే గోడ 13 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, నేలలోంచి వచ్చే పైపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇవాళ గోడ నుంచి పైపు మధ్యకి 60 ఉంటే టైల్స్ అయ్యాక 47. టవల్ రైల్ కాగితంలో గోడ నుంచి ఎంతెంత దూరంలో కూర్చుంటుందో రాసి ఉంటుంది, 47 అందులో పడకపోతే పైపులు ఇప్పుడే జరపాలి. రెండు పైపుల మధ్య దూరమూ చూసుకోండి, పాత వెడల్పాటి రేడియేటర్ పైపులు 500 వెడల్పు టవల్ రైల్‌కి సరిపోవు, నేల చెక్కలు లేపాల్సి వస్తుంది. అదంతా టైల్స్‌కి ముందే అయిపోవాలి.

పాత టైల్స్ మీద సుత్తి వేసేముందు ఒక్క మాట. యూకేలో ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధించింది 1999లో, అంతకుముందు ఇళ్ళ టైల్స్ జిగురులో కూడా అది ఉండొచ్చు, శాంపిల్ టెస్ట్ చేయించుకున్నాకే కొట్టండి. కొత్త టైల్స్ బరువూ చూసుకోండి, ప్లాస్టర్ గోడ చదరపు మీటర్‌కి 20 కిలోలు, ప్లాస్టర్‌బోర్డ్ 32 కిలోలు మోస్తుంది, అది జిగురు బరువుతో కలిపి.

గోడ ఖాళీగా ఉన్నప్పుడే టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి, లోపలి చెక్కలూ పైపులూ ఎక్కడున్నాయో తెలియాలి, వచ్చే భాగంలో డైమండ్ బిట్‌తో టైల్‌కి రంధ్రం చేసేటప్పుడు ఆ ఫోటోలు పక్కనే పెట్టుకుందాం.