పిల్లలకి కోవిడేమోనని అనుమానం వస్తే ఇంట్లో ఏం చూడాలి, ఎప్పుడు బయల్దేరాలి?

పిల్లల్లో కోవిడ్ చాలామటుకు మామూలు పడిశంలాగే వచ్చి, వారంలోపు దానంతటదే తగ్గిపోతుంది. చిక్కు ఏమిటంటే వానాకాలం వస్తే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మలేరియా, డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాంటి జ్వరంతోనే మొదలవుతాయి. అది ఏ జ్వరమో తేల్చాల్సింది రక్త పరీక్ష, ముక్కు పరీక్ష. పిల్లాడికి ప్రమాదం ఉందా లేదా అన్నది మాత్రం ఇంట్లోవాళ్ళే ముందుగా పసిగట్టొచ్చు.

ముందు లక్షణాలు కలిపి చూడండి

జ్వరం, దగ్గు, ముక్కు కారడం, గొంతు నొప్పి, నీరసం అందరికీ తెలిసినవే. పిల్లల్లో వీటితోపాటు వాంతులు, విరేచనాలు, కడుపు నొప్పి కూడా కనిపిస్తాయి. ఒక్కోసారి దగ్గు లేకుండా ఇవి మాత్రమే ఉంటాయి. వాసన తెలియట్లేదని పదేళ్ళ పిల్ల చెప్పగలదు. రెండేళ్ళవాడు అన్నం ముద్ద పక్కకి నెట్టేస్తాడు, అంతే. ఒమిక్రాన్ వచ్చాక చిన్నపిల్లల్లో గొంతు బొంగురుపోయి కుక్క మొరిగినట్టు దగ్గడం కూడా ఎక్కువగా చూశారు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఊపిరి పీలిస్తే కీచుమని చప్పుడొస్తుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. ఒమిక్రాన్ రకాల్లో మూడు రోజులకే కనిపించొచ్చు. కాబట్టి ఈ మధ్య ఇంట్లో ఎవరికి జలుబు చేసిందో, చెన్నై, హైదరాబాద్ వలస వెళ్ళినవాళ్ళెవరైనా పండక్కి వచ్చారో గుర్తు చేసుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే.

ఊపిరి లెక్కపెట్టండి

అందరూ థర్మామీటర్ పట్టుకుని కూర్చుంటారు. నన్నడిగితే 102 ఉన్నా ఆడుకుంటున్న పిల్లాడి కంటే, 100 ఉండి ఆయాసపడుతున్న పిల్లాడి గురించే ఎక్కువ టెన్షన్ పడాలి.

పిల్లాడు నిద్రలోనో, ఏడవకుండా ఒళ్ళో ఉన్నప్పుడో చొక్కా పైకెత్తండి. పాలు తాగిన వెంటనే, ఏడ్చిన వెంటనే లెక్క వద్దు. ఫోన్లో టైమర్ పెట్టి పొట్ట పైకి లేచి దిగితే ఒకటి చొప్పున నిమిషమంతా లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో తప్పొస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా ఆడుతుంది. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40, ఆపైన 30 దాటితే అది వేగమే. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

లెక్కతో పాటు పక్కటెముకల కింద చూడండి. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్క లోపలికి గుంటపడుతోందా? ముక్కు పుటాలు అదురుతున్నాయా? ప్రతి ఊపిరికీ మూలుగు వస్తోందా? ఇంట్లో నాయనమ్మ “గుంటడు డొక్కలెగరేస్తన్నాడే” అందంటే ఆ మాట కొట్టిపారేయకండి. డాక్టర్లు చొక్కా ఎత్తి వెతికేదీ దాన్నే.

పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వాడండి. పెద్దవాళ్ళ క్లిప్పు చంటిబిడ్డ వేలికి సరిగా పట్టదు, కాలి బొటనవేలికి పెట్టి అంకె కుదురుగా నిలిచేదాకా ఆగాలి. గోళ్ళరంగు ఉంటే తుడిచేయండి. ఆక్సిజన్ అంకె 94 కంటే తగ్గితే ఆసుపత్రి, 90 కంటే తగ్గితే 108.

జ్వరానికి, నీళ్ళకి

పారాసిటమాల్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి వేయాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. బరువు తెలియకపోతే అంగన్వాడీలో తూచించండి. సిరప్ సీసాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ కొన్నిట్లో 5 మి.లీ.కి 120 మి.గ్రా., కొన్నిట్లో 250 ఉంటుంది. పది కిలోల పిల్లకి మొదటి దాంట్లో సుమారు 6 మి.లీ. పడితే, రెండో దాంట్లో 3 మి.లీ. చాలు. లేబుల్ చదవకుండా మూత తిప్పొద్దు. మందుకీ మందుకీ మధ్య ఆరు గంటలు, రోజుకి నాలుగు సార్లకి మించకూడదు. ఆస్ప్రిన్ పిల్లలకి అసలు వద్దు. ఆవిరి గిన్నె, కర్పూరం మూట కూడా వద్దు. ఒకటి కాలుస్తుంది, రెండోది పసివాళ్ళకి ఫిట్స్ తెప్పించగలదు.

తల్లి మాస్క్ పెట్టుకుని పాలివ్వొచ్చు, మాన్పించొద్దు. పెద్దపిల్లలకి గంజి, మజ్జిగ, చోడి అంబలి, ఏది తాగితే అది కొంచెం కొంచెంగా పట్టండి. విరేచనాలుంటే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు వేస్తే ఆ పాళ్ళు కుదరవు. ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, పసిబిడ్డ మాడు లోపలికి పోయినా ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నమాట.

ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ సంగతి

రాత్రి పదింటికి తలుపు తట్టగానే వచ్చేది ఆయనే, ఆ మేలు కాదనలేం. కానీ మామూలుగా ఉన్న కోవిడ్‌కి యాంటీబయాటిక్ అక్కర్లేదు, మొదటి రోజుల్లో స్టెరాయిడ్ అయితే హాని కూడా చేయొచ్చు. ఛాతీ సీటీ స్కాన్ కూడా అనవసరం. “సూదిలో ఏముంది బాబూ?” అని మొహమాటపడకుండా అడగండి.

ఎప్పుడు, ఎక్కడికి

మూడు నెలల లోపు బిడ్డకి 100.4 జ్వరం వస్తే మిగతావేవీ చూడకుండా అదే రోజు ఆసుపత్రికి. ఏ వయసువాళ్ళకైనా పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకపోయినా, ఏదీ కడుపులో నిలవకపోయినా అంతే. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెడితే లాభం లేదు. ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108. ఆగినా చూపించాల్సిందే. సికిల్ సెల్ (రక్తంలో ఎర్రకణాల జబ్బు), గుండె జబ్బు, ఆస్తమా ఉన్న పిల్లల్ని, కిడ్నీ జబ్బుకి స్టెరాయిడ్ వాడుతున్న పిల్లల్ని మొదటి రోజే చూపించండి.

దారి ముందే అనుకోండి. శ్రీకాకుళంలో రిమ్స్, విజయనగరంలో ఘోషా ఆసుపత్రి ఉన్నాయి. ఇచ్ఛాపురం, కవిటి వాళ్ళకి ఒడిశాలోని బరంపురమే దగ్గర. సలహాకి 104 ఉంది.

తగ్గాక నెలన్నర పాటు

చాలామంది వదిలేసేది ఇక్కడే. కోవిడ్ తగ్గిన 2 నుంచి 6 వారాలకి కొద్దిమంది పిల్లలకి ఒళ్ళంతా వాపు రేగే జబ్బొకటి వస్తుంది, డాక్టర్లు ఎంఐఎస్-సి అంటారు. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో మొదట గుర్తించారు. ఒమిక్రాన్ తర్వాత బాగా తగ్గింది, కానీ పోలేదు. ఎక్కువగా బడి ఈడు పిల్లల్లో చూస్తాం. అంతకుముందు కోవిడ్ వచ్చినట్టే తెలియని పిల్లలకి కూడా వస్తుంది.

మూడు రోజులైనా దిగని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్ళు, ఎర్రగా పగిలిన పెదాలు, ఒంటి మీద దద్దురు, ఉబ్బిన చేతులూ కాళ్ళూ. కడుపు నొప్పి ఎంత గట్టిగా ఉంటుందంటే అపెండిక్స్ అనుకుని సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. ఇలా ఉంటే “నెల కిందట ఇంట్లో అందరికీ జలుబు చేసింది” అన్న ఒక్క మాట డాక్టర్‌కి తప్పక చెప్పండి. రక్త పరీక్షలూ గుండెకి ఎకో (గుండె స్కాన్) చేసి తేలుస్తారు. మొదట్లో వద్దన్న స్టెరాయిడే ఇక్కడ ఆసుపత్రిలో ప్రాణం నిలబెడుతుంది, దానితోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కిస్తారు. ఇంటికి పంపాక కూడా ఎకో మళ్ళీ తీయించాలి. డాక్టర్ సరేననేదాకా కబడ్డీ, పరుగు పందేలు ఆపేయాలి, పిల్లాడు ఎంత మారాం చేసినా సరే.