మూడు లిపుల బోర్డుపై మందపాటి జ్యామితీయ అక్షరాలు: సమస్యలు, పరిష్కారాలు

సిరోంచ, ధర్మాబాద్, దెగ్లూర్ వంటి మహారాష్ట్ర సరిహద్దు పట్టణాల్లో ఒకే దుకాణపు బోర్డుపై మరాఠీ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఇమడాల్సి వస్తుంది. దూరానికి కనబడాలని చాలామంది వలయాలు, సరళరేఖలే ఆధారంగా గీసిన మందపాటి సాన్స్ సెరిఫ్ (గీతల చివర చిన్న కొనలు లేని) ఫాంట్లను ఎంచుకుంటారు. జర్మనీలో పాల్ రెన్నర్ రూపొందించగా 1927లో వెలువడిన ఫ్యూచురా ఈ కోవలో పేరుపొందినది.

సమస్య: తెలుగు వరుస ఒక్కటే సన్నగా, లేదా ఖాళీ గళ్లుగా వస్తోంది.

ఫాంటులో తెలుగు అక్షరాలు లేకపోవడమే దీనికి కారణం. ఉదాహరణకు పాపిన్స్ అనే ఫాంటులో దేవనాగరి, రోమన్ లిపులు మాత్రమే ఉన్నాయి. అందువల్ల మరాఠీ, ఇంగ్లీషు నిండుగా వచ్చినా, తెలుగు దగ్గరకు వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉన్న మరో ఫాంటును తెచ్చి పెడుతుంది. అదీ దొరకకపోతే గళ్లు చూపిస్తుంది. ఇది చూసి మన లిపికి మందం నప్పదని తీర్మానించడం అన్యాయం. అనేక్ అనే ఫాంట్ల కుటుంబంలో తెలుగు, దేవనాగరి, రోమన్ లిపులను ఒకే తీరులో గీశారు. వాటి మందాన్ని 100 (అతి సన్నం) నుంచి 800 (అతి మందం) వరకు మార్చుకోవచ్చు. అవి అచ్చమైన జ్యామితీయ అక్షరాలు కాకపోయినా మూడు వరుసల బరువు చక్కగా కలుస్తుంది. పాపిన్స్‌నే ఉంచదలిస్తే తెలుగుకు వేరే ఫాంటు తీసుకుని, బోల్డ్ (మందం) అన్న పేరును నమ్మకుండా, గీత మందాలను పక్కపక్కన పెట్టి కంటితో సరిచూసుకోవాలి. తెలుగును పెద్దది చేసి సరిపెట్టకూడదు. మహారాష్ట్ర దుకాణాల చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం మరాఠీ అక్షరాలు ఇతర లిపుల కంటే చిన్నవిగా ఉండరాదు.

సమస్య: అక్షరాలు పూడుకుపోయి ఒకదానికి బదులు మరొకటిగా కనబడుతున్నాయి.

అసలు బోల్డ్ ఫైలు లేకుండా బీ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరపు అంచులను గుడ్డిగా ఉబ్బిస్తుంది. అప్పుడు ధ కింది చిన్న గీత ఒంటికి అతుక్కుపోయి, ‘ధాన్యం’ అన్న మాట రోడ్డు అవతలి నుంచి ‘దాన్యం’ అని కనబడుతుంది. ఠ లోపలి చుక్క, ఫ కింది గీతలకూ ఇదే గతి. బోల్డ్ ఫైలును విడిగా ఇన్‌స్టాల్ చేసి, మెనూలో దాని పేరుతోనే ఎంచుకోవాలి. అప్పటికీ పూడుకుపోతుంటే ఒక మెట్టు తక్కువ మందం వాడడమే మేలు.

సమస్య: వలయాలు కోడిగుడ్డు ఆకారంలోకి మారాయి.

బోర్డు వెడల్పు నింపడానికి అక్షరాలను అడ్డంగా సాగదీసినందువల్ల ఇలా జరుగుతుంది. కంటికి సమంగా కనబడాలని రూపకర్తలు అడ్డగీతలను నిలువుగీతల కంటే కాస్త సన్నగా గీస్తారు. సాగదీస్తే నిలువులు మాత్రమే లావెక్కి ఆ సమతూకం చెడుతుంది. వెడల్పును 75 నుంచి 125 శాతం వరకు మార్చుకునే వీలు అనేక్‌లో ఉంది కనుక దాన్నే వాడాలి, లేదా పక్కన ఖాళీ వదిలేయాలి.

సమస్య: ఒత్తులు కింది వరుసకు తగులుతున్నాయి.

వరుసల మధ్య దూరాన్ని ఇంగ్లీషు కొలతకు పెట్టారన్నమాట. ‘స్త్రీ’ వంటి అక్షరాన్ని కొలతగా పెట్టుకుని దూరం పెంచండి.

సమస్య: మన దగ్గర బాగున్న డిజైన్ ప్రెస్‌లో మారిపోయింది.

అక్కడ ఆ ఫాంటు లేదు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, క్యూ కలిపి నొక్కి అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా, మార్చి పంపాలి. ఆ తర్వాత అక్షరదోషాలు దిద్దే వీలుండదు కాబట్టి, మార్చకముందే ఒక ప్రతిని వేరుగా భద్రపరచాలి.