పెన్‌డ్రైవ్ బూట్ అవ్వట్లేదా? ఎక్కడ ఆగిందో చూడండి

"పెన్‌డ్రైవ్ పోయినట్టుందన్నా, కొత్తది ఇవ్వు" అంటూ మా షాపుకొచ్చే వాళ్లలో చాలామంది పెన్‌డ్రైవ్‌కి ఏ రోగమూ ఉండదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక, పెన్‌డ్రైవ్‌తో కొత్త విండోస్ వేసుకునేవాళ్లు పెరిగి ఈ బేరాలు మరీ ఎక్కువయ్యాయి. డబ్బు పెట్టేముందు పని ఎక్కడ ఆగిందో చూసుకోండి.

బూట్ మెనూలో, అంటే సిస్టమ్ దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే లిస్టులో, పెన్‌డ్రైవ్ పేరే లేదా? డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 సిస్టమ్ ఆన్ చేయగానే నొక్కితే మెనూ వస్తుంది. ఏసర్‌లో చాలాసార్లు ముందు బయోస్‌లోకి (సిస్టమ్ అసలు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ ఎనేబుల్ చేయాలి. యూఎస్‌బీ హబ్ ఉంటే పీకేసి నేరుగా పోర్టుకే పెట్టండి. ఐఎస్ఓ ఫైల్‌ని (డౌన్‌లోడ్ చేసిన విండోస్ మొత్తం ఉండే ఒకే ఫైల్) మామూలుగా కాపీ, పేస్ట్ కొట్టి తెచ్చేవాళ్లూ ఉన్నారు. అలా బూట్ అవ్వదు, రూఫస్ లాంటి, బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో రాయాల్సిందే. అందులో పార్టిషన్ పద్ధతి అడిగినప్పుడు, యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) ఉన్న సిస్టమ్‌కి జీపీటీ, లెగసీ (పాత రకం బయోస్) మాత్రమే ఉన్న పాతదానికి ఎంబీఆర్ ఎంచుకోండి. సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ అడ్డుపడుతుంటే, దాన్ని ఆఫ్ చేసేముందు రూఫస్ కొత్త వెర్షన్‌తో మళ్లీ రాసి చూడండి.

అసలు తలనొప్పి ఇంకోటి ఉంది. ఇన్‌స్టాలర్ చక్కగా తెరుచుకుంటుంది, తీరా ఎక్కడ వేయాలని అడిగేచోట డిస్కుల లిస్టు ఖాళీ! ఎస్ఎస్‌డీ పోయిందని టెన్షన్ పడకండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (డిస్కుల్ని నడిపే ఇంటెల్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే తరచూ ఇలాగే అవుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్లో మీ మోడల్‌కి ఇచ్చిన ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ (ఆ డిస్కుల్ని విండోస్‌కి కనిపించేలా చేసేది) తెచ్చుకోండి. సెటప్ ఫైల్‌ని అలాగే పడేస్తే పనికిరాదు. విప్పి (ఎక్స్‌ట్రాక్ట్ చేసి), లోపల .inf అని ముగిసే ఐఎన్ఎఫ్ ఫైళ్లున్న ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపించండి. డిస్కు వచ్చేస్తుంది. బయోస్‌లో వీఎండీ ఆపేసినా కనిపిస్తుంది కానీ, పాత విండోస్ ఉంచుకోవాలంటే ఆ పని చేయొద్దు, అది బూట్ అవ్వకుండా పోవచ్చు.

ఫైళ్లు కాపీ అవుతూ సగంలో ఎర్రర్ వస్తే డౌన్‌లోడ్ మీద అనుమానపడాలి. రూఫస్‌లో ఐఎస్ఓ పక్కనున్న టిక్ గుర్తు నొక్కి, వచ్చిన షా-256 కోడ్‌ని (ఫైల్ చెడిపోలేదని తేల్చే వేలిముద్ర లాంటిది) డౌన్‌లోడ్ పేజీలో ఉన్నదాంతో పోల్చండి. కోడ్ సరిపోయినా ఎర్రర్ ఆగకపోతే, అప్పుడు రండి, కొత్త పెన్‌డ్రైవ్ ఇస్తాను.

ఇన్‌స్టాల్ మొదటిసారి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటికొస్తోందా? పెన్‌డ్రైవ్ తీసేయండి, అంతే.