ఫాయిల్ పాన్‌లో థ్యాంక్స్‌గివింగ్ టర్కీ ఎలా చేయాలి?

నవంబర్ నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ దగ్గర పడిందంటే అమెరికాలో మన తెలుగు ఇళ్లలో కూడా "ఈసారి టర్కీ చేద్దామా" అన్న మాట వస్తుంది. పిల్లలు స్కూల్లో విని వచ్చి అడుగుతారు. సరేనని బుధవారం సాయంత్రం షాపుకు వెళ్లి గడ్డకట్టిన టర్కీ కోడి ఒకటి, దాని పక్కనే పేర్చి ఉన్న అల్యూమినియం ఫాయిల్ పాన్ ఒకటి తెచ్చేసుకుంటారు. అక్కడే రెండు తప్పులు జరిగిపోయాయి. బుధవారం కొన్న గడ్డ ఫ్రిజ్‌లో గురువారానికి కరగదు. ఒక్క ఫాయిల్ పాన్ ఆ బరువు మోయలేదు.

న్యూజెర్సీలో 18 ఏళ్లుగా ఏటా చేస్తున్నాను, చేసేవాళ్లనూ చూస్తున్నాను. ఫాయిల్ పాన్ మంచిదే. ఏడాదికి ఒక్కసారి వాడే బరువైన రోస్టింగ్ పాన్ కొని, మిగతా రోజులు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడటం కన్నా ఇదే నయం. కాకపోతే దాన్ని గిన్నె అనుకోకండి. అది విస్తరి లాంటిది. పలచటి విస్తరి ఒక్కటే చేత్తో పట్టుకుని, నిలబడి సాంబారు పోయించుకుంటే ఏమవుతుందో మనందరికీ తెలుసు. కింద గట్టి పళ్లెం ఉండాలి. ఈ వ్యాసమంతా ఆ పళ్లెం గురించే అనుకోండి.

కావలసినవి

12 నుంచి 14 పౌండ్ల టర్కీ ఒకటి. ఇంతకన్నా పెద్దది కొనొద్దు. ఇరవై మంది వస్తున్నారంటే చిన్నవి రెండు చేయండి. పెద్దదాంట్లో తొడ ఉడికేసరికి బ్రెస్ట్ పీచులా ఎండిపోతుంది.

లోతైన ఫాయిల్ పాన్లు మూడు. అంచున్న గట్టి బేకింగ్ షీట్ ఒకటి, 13 అంగుళాలకు 18 అంగుళాలది. పాన్ అడుగు మొత్తం ఈ షీట్ మీద ఆనాలి. డిజిటల్ థర్మామీటర్. పొడవాటి గరిటె, స్టీలు గిన్నె. ఉల్లిపాయలు, క్యారెట్లు, సెలరీ. నెయ్యి, అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, ధనియాల పొడి, ఉప్పు. టర్కీతో పాటు వచ్చే ప్లాస్టిక్ పాప్-అప్ టైమర్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. అది పైకి లేచేసరికి బ్రెస్ట్ అయిపోయి చాలాసేపై ఉంటుంది.

ముందు రోజుల పని

ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుంది. 13 పౌండ్ల టర్కీని శనివారం ఫ్రిజ్ కింది అరలో, ఒక ఫాయిల్ పాన్‌లో పెట్టండి. కారిన నీళ్లన్నీ అందులోనే ఉంటాయి, ఆ పాన్ తర్వాత పారేయండి. మంగళవారానికి కరుగుతుంది. ఆలస్యమైపోతే కవరుతోనే చల్లటి నీళ్లలో ముంచి పెట్టి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. పౌండుకు అరగంట లెక్కన 13 పౌండ్లకు ఆరున్నర గంటలు. అలా కరిగించినదాన్ని వెంటనే వండేయాలి. వంటగది గట్టు మీద రాత్రంతా పెట్టి కరిగించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. లోపల గడ్డగా ఉండగానే పైన మాంసం పాడవడం మొదలవుతుంది.

కరిగాక లోపల చెయ్యి పెట్టి మెడ ముక్కనూ, కాలేయం, గుండె, కందనకాయ ఉన్న చిన్న పొట్లాన్నీ తీసేయండి. పొట్లం ఒక్కోసారి మెడ వైపు చర్మం కింద ఉంటుంది, రెండు వైపులా వెతకండి. మన ఇళ్లలో కోడిని పసుపు, ఉప్పు వేసి కడగందే వండరు. టర్కీని కడగొద్దు. సింకులో 13 పౌండ్ల పక్షిని కడిగితే ఆ నీళ్లు చుట్టూ ఉన్న గిన్నెల మీద, కూరగాయల మీద చిందుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ కూడా కడగొద్దనే చెబుతుంది. క్రిములు చావాల్సింది ఓవెన్ వేడికి. పేపర్ టవల్‌తో లోపలా బయటా పొడిగా తుడిస్తే చాలు.

మంగళవారం సాయంత్రం ఉప్పు పట్టించాలి. కోషర్ ఉప్పు అయితే మూడు టేబుల్ స్పూన్లు, మామూలు సన్న ఉప్పు అయితే అందులో సగం. కవరు మీద ఉప్పునీళ్లు ఎక్కించినట్టు రాసి ఉంటే ఒక టీస్పూను చాలు. బకెట్‌లో ఉప్పునీళ్లు పోసి నానబెట్టడం నాకు ఇష్టం లేదు. మాంసంలో నీరు చేరుతుంది కానీ రుచి పలచబడుతుంది, చర్మం కరకరలాడదు. పొడి ఉప్పు రాసి, మూత లేకుండా రెండు రాత్రులు ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం కాగితంలా ఆరుతుంది. వేలితో తాకితే గరగరమనాలి.

మసాలా విషయంలో ఒక హెచ్చరిక. చికెన్‌కు పట్టించినట్టు పెరుగు, నిమ్మరసం, చింతపండు కలిపి ఫాయిల్ పాన్‌లో రాత్రంతా ఉంచొద్దు. పులుపు అల్యూమినియాన్ని తింటుంది. పాన్‌కు సన్నటి బెజ్జాలు పడతాయి, మాంసానికి లోహపు వాసన పడుతుంది. నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండుకోండి. కారం కూడా చర్మం పైన పూయొద్దు, మూడు గంటల వేడికి మాడి నల్లబడి చేదెక్కుతుంది. వేళ్లతో బ్రెస్ట్ మీది చర్మాన్ని మెల్లగా వదులు చేసి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు నెయ్యిలో కలిపి లోపలికి పట్టించాలి. చర్మం పైన ఒట్టి నెయ్యి. వెన్నలో నీరూ పాల పదార్థమూ ఉంటాయి, త్వరగా మాడుతుంది. నెయ్యితో రంగు చక్కగా వస్తుంది.

గురువారం పొద్దున

ముందు ఓవెన్ ఖాళీ చేయండి. మన ఇళ్లలో ఓవెన్ అంటే మూకుళ్లు, పెనాలు పెట్టుకునే అర. అన్నీ తీసి, అడుగున పాత నూనె మరకలుంటే తుడవండి. అడుగు నుంచి రెండో గాడిలో రాక్ పెట్టి, పైన ఖాళీ ఉండేలా మిగతా రాక్‌లు తీసేసి, 325 డిగ్రీల ఫారన్‌హీట్‌కు వేడి చేయండి. సెల్సియస్‌లో సుమారు 163.

రెండు ఫాయిల్ పాన్లు ఒకదానిలో ఒకటి దోపి, బేకింగ్ షీట్ మీద పెట్టండి. అడుగున ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ పెద్ద ముక్కలు పరిచి, వాటి మీద టర్కీని బ్రెస్ట్ పైకి వచ్చేలా కూర్చోబెట్టండి. ఈ ముక్కలు పీటలా పనిచేస్తాయి. ఇవి లేకపోతే పక్షి తన నీళ్లలోనే ఉడికి అడుగంతా తెల్లగా పాలిపోతుంది. కడుపులో స్టఫింగ్ (బ్రెడ్ ముక్కలతో చేసే కూర్పు) కూరొద్దు, అది వేరే గిన్నెలో చేసుకోవాలి. లోపల కూరితే అది కూడా 165 డిగ్రీలు చేరేదాకా ఆగాలి, అప్పటికి మాంసం ఎండిపోతుంది.

షీట్‌తో సహా ఓవెన్‌లో పెట్టాకే పాన్‌లో ఒక కప్పు నీళ్లు పోయండి. నీళ్లు పోసి ఎత్తొద్దు.

12 నుంచి 14 పౌండ్ల టర్కీకి మూడు నుంచి మూడుముప్పావు గంటలు పడుతుంది. మధ్యలో తలుపు తీసి రసం పోస్తూ కూర్చోవద్దు. తీసిన ప్రతిసారీ వేడి పోతుంది, ఆరిన చర్మం తడుస్తుంది. రంగు చాలనిపిస్తే పైన ఫాయిల్ ముక్క వదులుగా కప్పండి. రెండున్నర గంటల నుంచి థర్మామీటర్ గుచ్చి చూడాలి. తొడ లోపలి వైపు, బ్రెస్ట్‌లో మందంగా ఉన్న చోట, రెండు చోట్లా ఎముకకు తగలకుండా 165 డిగ్రీలు, అంటే 74 సెల్సియస్ చూపించాలి.

బయటికి తీయడం: అసలు కష్టం ఇక్కడే

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఇంతవరకూ ఏం తప్పు చేసినా టర్కీ రుచి తగ్గుతుంది, అంతే. ఇక్కడ తప్పు చేస్తే ఒళ్లు కాలుతుంది.

ఆరేళ్ల కిందట ఒక స్నేహితుల ఇంట్లో నా కళ్ల ముందే జరిగింది. ఒకే పాన్, కింద షీట్ లేదు. ఆయన రెండు చేతులకూ మిట్టెన్లు వేసుకుని, పాన్ అంచులు పట్టుకుని లాగారు. మధ్యలో బరువుకు పాన్ నడుం కుంగింది, అంచులు లోపలికి ముడుచుకున్నాయి. అడుగున చేరిన కొవ్వంతా ఒక్కసారి ముందు మూలకు పరుగెత్తింది. ఆ మూల మడత విప్పుకుని, ఓవెన్ తలుపు అద్దం మీదుగా కొవ్వు జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. కాలికి మేజోడు ఉంది. అది వేడిని పట్టి ఉంచింది, తీసేలోపు బొబ్బ లేచింది. ఓవెన్ అడుగున పడ్డ కొవ్వు పొగై ఇల్లంతా నిండింది, అలారం ఆగలేదు, చిన్నపిల్లలు ఏడుపు. భోజనం సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

టర్కీ, కూరగాయలు, రసం అన్నీ కలిపితే పాన్‌లో పదిహేను పౌండ్ల దాకా బరువు ఉంటుంది. ఆ బరువంతా మధ్యలో, పట్టు మాత్రం అంచుల దగ్గర. కొన్ని పాన్లకు తీగ పిడులు ఉంటాయి. వాటిని నమ్మొద్దు, తీగ గట్టిగానే ఉన్నా దాన్ని పట్టుకున్న రేకు చిరుగుతుంది.

కాబట్టి ఈ వరుసలో చేయండి. ముందుగా ఎక్కడ దించుతారో ఆ చోటు ఖాళీ చేసి, మందపాటి పొడి గుడ్డ పరవండి. ఓవెన్‌కూ ఆ గట్టుకూ మధ్య దారిలో పిల్లలు, కుర్చీలు, బొమ్మలు ఏవీ ఉండకూడదు. కాళ్లకు బూట్లు వేసుకోండి. ఇంట్లో చెప్పులు వేసుకోకపోవడం మన అలవాటే, ఆ పది నిమిషాలు మాత్రం వేసుకోండి. చేతి మిట్టెన్లు పూర్తిగా పొడిగా ఉండాలి. తడి గుడ్డ వేడి తగలగానే ఆవిరి పుట్టి చెయ్యి కాలుస్తుంది.

ఓవెన్ ఆపి, తలుపు పూర్తిగా తెరిచి, మొదటి ఆవిరి పోయేదాకా పక్కకు నిలబడండి. రాక్‌ను సగం దాకా మెల్లగా ముందుకు లాగండి. ఇప్పుడు ఎత్తొద్దు. గరిటెతో అడుగున ఉన్న రసాన్ని తోడి స్టీలు గిన్నెలో పోయండి. గరిటె అంచు రేకుకు గీసుకోకుండా చూసుకోండి. రెండు మూడు కప్పుల దాకా వస్తుంది. ఈ ఒక్క పని చేస్తే సగం ప్రమాదం పోయినట్టే. పారే ద్రవం లేకపోతే ఒరిగినా ఒలకదు. ఆ రసం గ్రేవీకి ఎలాగూ కావాలి.

తోడాక షీట్‌ను, షీట్‌ను మాత్రమే, రెండు వైపులా పట్టుకుని ఎత్తండి. మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా, ఒక్కరే ఎత్తాలి. రెండోవాళ్లు తలుపు చూసుకుంటారు. చెరో వైపు పట్టుకుంటే ఎత్తులో తేడా వచ్చి పాన్ జారుతుంది. బరువనిపించి తెరిచిన ఓవెన్ తలుపు మీద ఆనించొద్దు. స్టవ్ వెనక ముందుకు ఒరగకుండా ఆపే బ్రాకెట్ బిగించి లేకపోతే, ఆ బరువుకు స్టవ్ మొత్తం ముందుకు తూలుతుంది. అద్దె ఇళ్లలో అది ఉందో లేదో పండగ ముందే చూసుకోండి.

ఎప్పుడైనా కొవ్వు ఒలికి ఓవెన్‌లో మంట లేస్తే తలుపు మూసి, స్విచ్ ఆపేయండి. నీళ్లు పోయొద్దు. మంట ఆరకపోతే అందరినీ బయటికి తీసుకెళ్లి 911కి ఫోన్ చేయండి. కాలితే 20 నిమిషాలు ట్యాప్ కింద మామూలు చల్లటి నీళ్లు. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, నెయ్యి వద్దు.

టర్కీని షీట్ మీదే, పాన్‌లోనే 30 నుంచి 40 నిమిషాలు వదిలేయండి. వేడిగా ఉండగా ఫోర్కులు గుచ్చి పైకి లేపొద్దు, మొన తగిలి రేకు చిరిగితే మిగిలిన రసం గట్టంతా పారుతుంది. చల్లారాక కొంచెం వంచి కడుపులోని రసాన్ని పాన్‌లోకి వదిలి, శుభ్రమైన పేపర్ టవళ్ల మడతలతో రెండు వైపులా పట్టుకుని కోసే చెక్క మీదికి మార్చండి. పాన్‌లోనే కోసేవాళ్లను చూశాను. కత్తి రెండు రేకులనూ దాటి కిందికి దిగుతుంది.

వడ్డింపు, మిగిలినది

తొడ కీలు దగ్గర కోసి విడదీయండి. బ్రెస్ట్ మొత్తాన్ని ఎముక నుంచి తీసి, అడ్డంగా ముక్కలు కోయాలి. తోడిపెట్టిన రసం మీద తేలిన కొవ్వులో రెండు మూడు స్పూన్లు తీసుకుని, అంతే మైదా వేయించి, మిగతా రసం పోసి మరిగిస్తే గ్రేవీ. అన్నంలోకి కూడా బాగుంటుంది.

మిగిలిన మాంసాన్ని రెండు గంటల్లోపు ఎముకల నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. శుక్రవారం ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకుతో వేపుడు చేస్తే మా ఇంట్లో అసలు టర్కీ కన్నా అదే ముందు అయిపోతుంది.

పాన్‌లో మిగిలిన కొవ్వును సింకులో పోయొద్దు, గొట్టంలో గడ్డకడుతుంది. పాన్‌ను షీట్ మీదే రాత్రంతా వదిలేస్తే కొవ్వు తెల్లగా పేరుకుంటుంది. పొద్దున దాన్ని గీకి చెత్తలో వేసి, పాన్ మడిచి పారేయండి. కడగాల్సింది షీట్ ఒక్కటే.